గరిమెళ్ళ సత్యనారాయణగారు

ఈ యేటి ఉత్సవమునకై ఖరగ్‌పూరు తెలుగు యువకులు కొందరు పాటలు అభ్యసించుచుండగా నేనును ఒక సాయంకాలము అచట కూర్చుంటిని. అందొకడు తన చేతిఫోనులో పాత పాట యొకటి వినిపించెను. అది ‘మా కొద్దీ తెల్ల దొరతనము’. విన్నంతనే పిల్లలందరు నిటారుగా కూర్చుండిరి. పల్లవి సగముమందికి వచ్చును. చరణము లొక్కరికిని రావు. వ్రాసినవారెవరో అసలే తెలియదు. నింపురలోను, మథురాకాటిలోను పుట్టి పెరిగి, ఇంట తెలుగు మాటలాడుటయే గాని బడిలో చదువుకొనని బిడ్డలు వారు. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. చెప్పవలసిన పెద్దలము మనము చెప్పలేదు. ఆ సాయంకాలము వారికి చెప్పిన కథనే ఇచట వ్రాయుచున్నాను.

గరిమెళ్ళవారు 1893 జూలై 14వ తేదీన నరసన్నపేట చెంతనున్న గోనెపాడు గ్రామమున జన్మించిరి. నాడది గంజాము జిల్లా, నేడు శ్రీకాకుళము జిల్లా. ఆ ప్రాంతమువారికి తిలారు, ఆముదాలవలస స్టేషనులే లోకమునకు వాకిళ్ళు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఖరగ్‌పూరున కర్మాగారము నెలకొల్పిన పిదప మన తాతలలో అనేకులు ఆ దారినే బండియెక్కి యిచటికి వచ్చిరి. కావున ఆయన మనకు పొరుగూరివారనియే చెప్పవచ్చును.

పేదయింటి బిడ్డయయ్యును ఇతరుల సాయముతో బి.ఏ. పూర్తిచేసిరి. గంజాము కలెక్టరు కార్యాలయమున గుమాస్తాగా కొంతకాలము, విజయనగరమున ఉపాధ్యాయులుగా కొంతకాలము పనిచేసిరి. పిదప ఉపాధ్యాయశిక్షణకై రాజమహేంద్రవరము చేరిరి. 1920లో కలకత్తా ప్రత్యేక కాంగ్రెసు సహాయనిరాకరణమును తీర్మానించెను. ఆయన చదువు విడిచి ఉద్యమమున దిగిరి. ఆ రోజులలో బి.ఏ. పట్టము గల వానికి సర్కారు కొలువు చేతికందు పండువంటిది, ఇంటిల్లిపాదికి అన్నము. రెండురోజుల సెలవు చీటి వ్రాయుటకే పదిమార్లు తటపటాయించు మావంటి కార్యాలయపువారము ఈ ఘట్టమును త్వరగా దాటిపోలేము.

పాట 1921 ప్రాంతమున వెలువడెను. దానిని ఉత్త ఆవేశగీతమని తలచుట పొరపాటు. పల్లవి దాటి లోనికి పోయినచో అది సామాన్యుని బ్రతుకును గూర్చిన ఫిర్యాదు. దేశమున పంటలు పండినను ముద్ద కూటికి కరవగుట, ఉప్పును తాకుటయు నేరమగుట, కల్లుసారాయముల అమ్మకముపై సర్కారు ధనము గడించుట, ఇవన్నియు అందున్నవి. దండియాత్ర 1930 నాటిది. ఉప్పు బాధను ఈ కవి అంతకు ఎనిమిది తొమ్మిదేండ్ల ముందే పల్లెవాని నోట పలికించెను. భాషయు అట్టిదే. సంతలోను కళ్ళములోను వినబడు మాటలు, నిఘంటువుతో పనిలేదు. అక్షరము రానివారు సయితము వీధులవెంట పాడుకొనిరి. ప్రభుత్వమునకు భయము పుట్టుటకు కారణమిదియే. చదువుకొన్నవారి పద్యమైయున్నచో ఇంత గొడవ జరిగెడిది కాదేమో.

తెలుగు రాని తెల్లదొర యొకడు కవినే పిలిపించి పాటను పాడించుకొని, అర్థము తెలియకున్నను దాని శక్తిని గ్రహించెనని గోదావరి జిల్లాలలో చెప్పుకొందురు. ఏమైనను 1922లో ఆయనకు ఒక యేడు కఠినశిక్ష పడెను. కారాగారమున నుండగా తండ్రి మరణించిరి. క్షమాపణ చెప్పినచో విడిచెదమని అధికారులు కబురుచేసిరి. ఆయన చెప్పలేదు. తరువాతి కాలమునను మరల చెరసాలకు పోవలసివచ్చెను. ఈ సంగతి చెప్పునప్పుడు మా పిల్లలు మాటాడక వినిరి. వారి పొరుగుననే హిజ్లీ నిర్బంధశిబిరమున్నది. 1931 సెప్టెంబరు 16న ఇద్దరు నిర్బంధితులు తుపాకిగుండ్లకు కూలిన ఆ భవనముననే 1951లో ఐ.ఐ.టి. ఆరంభమయ్యెను. ఆ గోడలను వారు దినదినము చూచుచున్నవారే.

గరిమెళ్ళవారి శేషజీవితము చెప్పుట కష్టము. ఉన్న కొద్దిపాటి ఆస్తి కరిగిపోయెను. మద్రాసు చేరి ‘గృహలక్ష్మి’, ‘ఆంధ్రప్రభ’ మున్నగు పత్రికలలో పనిచేసిరి. అనువాదములు చేసిరి, వ్యాసములు వ్రాసిరి. ఏ కొలువును స్థిరపడలేదు. పక్షవాతము సోకెను, ఒక కన్ను పోయెను. 1947లో తెల్లదొరతనము పోయెను గాని, దానిని వలదని పాడినవారి ఇంట పొయ్యి సరిగా రాజలేదు. సభలలో ఆయన పాట పాడి చప్పట్లు పొందినవారు ఎందరో యుందురు. ఆయన అద్దె యెవరు కట్టుచున్నారని విచారించినవారు కొందరే.

1952 డిసెంబరు 15న మద్రాసులోనే పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో అసువులు బాసిరి. ఆంధ్రదేశమంతయు అట్టుడికినట్లుడికెను. మూడుదినముల పిమ్మట, 18వ తేదీన, గరిమెళ్ళవారు కన్నుమూసిరి. మరునాడు ఆంధ్రరాష్ట్ర మేర్పడునని నెహ్రూగారు ప్రకటించిరి. ఆ దుఃఖముల నడుమ, ఆ సంబరము నడుమ ఈ మరణమెందరి చెవికి సోకెనో!

కథ ముగియుసరికి రాత్రి తొమ్మిదయ్యెను. మొదట ఆ పాట వినిపించిన కుర్రవాడు, తనకు తెలుగు చదువ రాదు గనుక ఉప్పు సంగతి గల చరణమును బంగాళీ లిపిలో వ్రాసియిమ్మని నన్నడిగెను. వ్రాసియిచ్చితిని. ఉత్సవమున పల్లవితోపాటు ఆ చరణమునుగూడ వారు పాడనున్నారు.