దైవభయముగల కాపరి: బిషప్ అజరయ్యగారు

ధ్యానమునకు: హెబ్రీ 13:7, 1 పేతురు 5:1-4

మనలను దేవుని మార్గమున నడిపించిన పెద్దలను మరువక, వారి జీవితాంతమును తలపోయుమని లేఖనము మనకు నేర్పుచున్నది. అట్టివారిలో ఒకరు అజరయ్యగారు.

వేదనాయకం సామ్యేలు అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతమందు ఒక పల్లె పాస్టరుగారి ఇంట జన్మించిరి. 1903లో తమ ప్రాంతపు విశ్వాసులతో కలిసి తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. ఇతరులను పంపుటతో తృప్తిపడక, 1909లో అభిషేకము పొంది, నైజాము రాజ్యములోని డోర్నకలునకు తామే మిషనరీగా వచ్చి, మన తెలుగు నేర్చుకొనిరి.

1910లో ఎడింబరో నగరమున జరిగిన మిషనరీ మహాసభలో, దొరల త్యాగమునకు కృతజ్ఞత తెలుపుచునే, వారికిని దేశీయ సేవకులకును నడుమ స్నేహము కొరవడినదని నిర్భయముగా చెప్పిరి. కొందరికి ఆ మాట కష్టము కలిగించెను. అయినను పెద్దలను గౌరవించుట వేరు, ముఖస్తుతి వేరు. దేవునికి భయపడువాడు సత్యమును వినయముతో పలుకును.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకించబడిరి. ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పు ఆయనే. భారతీయుడు ఈ అధికారము వహింపగలడా అని సందేహించినవారు లేకపోలేదు. 32 సంవత్సరముల సేవయే వారికి జవాబాయెను.

బిషప్పుగారు ఎడ్లబండిపై ప్రయాణము చేసి, ఊరి వెలుపల నెట్టివేయబడిన మాల, మాదిగ పల్లెలను దర్శించుచుండిరి. బాప్తిస్మము పొందినవారు తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటింతుమని ప్రమాణము చేయునట్లు నేర్పిరి. సంఘములో కులభేదము కూడదనిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన డోర్నకలు కథీడ్రలును మన దేశపు స్తంభములతోను గుమ్మటములతోను కట్టించిరి.

సంఘముల ఐక్యతకై ఆయన ఎంతో ప్రయాసపడిరి. కాని 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. మోషేవలె, తాము నడిపిన ప్రజలు చేరిన దేశమున ఆయన అడుగిడలేదు.

ప్రియులారా, పని మనది, ఫలము దేవునిది. పాస్టరైనను, సంఘపెద్దయైనను, కోశాధికారియైనను, మన చేతిలోని అధికారము మన సొత్తు కాదు. ప్రధాన కాపరికి లెక్క అప్పగింపవలసిన అప్పగింత. పదవికై సంఘమును చీల్చువాడు ఆ లెక్కను మరచినవాడు. దైవభయముగల నాయకుని సంఘము సంతోషముతో గౌరవించును. అట్టి కాపరులను ప్రభువు మన పల్లెలకు దయచేయును గాక. ఆమేన్.