తరంగాల లెక్కల ఆచార్యుడు సూరి భగవంతం



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు కోరేనాటికి కిష్టారెడ్డిపేటలోని మా ఇంట్లో ఒక చర్చ జరుగుతోంది. ఇంటర్ పూర్తి చేసిన మా మనవరాలు ఇంజనీరింగ్ వద్దనీ, బి.ఎస్సీ.లో లెక్కలు, ఫిజిక్సు చదువుతాననీ పట్టుబట్టింది. ఉత్త లెక్కలు చదివితే రేపు ఉద్యోగం ఎవరిస్తారని మా అబ్బాయి బాధ. పి.యు.సి. తరువాత టైపు నేర్చుకొని గుమాస్తాగా చేరిన నేను ఎటూ చెప్పలేకపోయాను. అందుకే ఆచార్య సూరి భగవంతం గారి జీవితాన్ని ఎంచుకున్నాను.

ఆయన 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కాలేజీలో పట్టభద్రులయ్యారు. ఆ రోజుల్లో ఆ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. 1928 ఫిబ్రవరి 28న సి.వి. రామన్ గారు తమ ప్రసిద్ధమైన ఆవిష్కరణ చేశారు. ఆ ఏడాదే భగవంతం గారు కలకత్తా వెళ్లి వారి వద్ద పరిశోధనకు చేరారు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి, కాంతి కణానికి స్వీయ భ్రమణ గుణం ఉందని ప్రయోగం ద్వారా చూపారు.

1932లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులుగా చేరారు. అప్పుడు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అక్కడ ఉపాధ్యక్షులు. భగవంతం గారు అక్కడే ఆచార్యులై, తరంగాల మీద, స్ఫటికాల మీద పేరు తెచ్చిన పని చేశారు.

ఆ పని ఏమిటో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. అమీన్‌పూర్ పెద్దచెరువులో రాయి వేస్తే అల ఒడ్డుదాకా వస్తుంది. కానీ నీటిమీద తేలే ఆకు ఉన్నచోటనే పైకీ కిందకీ ఊగుతుంది. కదలిక ముందుకు సాగుతుందే గాని, నీరు అలతోపాటు ఒడ్డుకు రాదు. గట్టి వస్తువులలో కూడా ఇలాగే అలలు నడుస్తాయి. మన చెవికి వినబడనంత వేగంగా కంపించేవాటిని అతిధ్వని తరంగాలంటారు. వాటిని స్ఫటికంలోకి పంపి, ఎంత వేగంతో నడిచాయో తెలుసుకుంటే, అది ఎంత గట్టిదో లెక్కగట్టవచ్చు. భగవంతం గారు, భీమసేనాచార్ గారు ఈ విధంగా వజ్రపు గట్టిదనాన్ని కొలిచారు. ఆ ఫలితం 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెలువడింది. తరువాత మేలైన పరికరాలు వచ్చాక ఇతరులు ఆ అంకెలను సవరించారు. శాస్త్రంలో అది సహజం.

ఆయన కూడా అంతకుముందే ఒక పెద్ద లెక్కను సవరించి ఉన్నారు. స్ఫటికాన్ని నొక్కితే అందులో కాంతి నడక మారుతుంది. ఏ జాతి స్ఫటికంలోనైనా ఆ మార్పును చెప్పడానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో 19వ శతాబ్దం చివర జర్మనీ శాస్త్రవేత్త పోకెల్స్ లెక్క తేల్చారు. 1942లో భగవంతం గారు గ్రూపుల సిద్ధాంతం అనే గణితంతో మొదటినుంచీ లెక్కించి, కొన్ని జాతుల విషయంలో ఆ సంఖ్య సరికాదని చూపారు. పాత లెడ్జరులో మొత్తం తేడా ఉందని పట్టుకోవడం ఎంత కష్టమో మన గుమాస్తాలకు తెలియనిది కాదు. పెద్దలు వేసిన లెక్క గదా అని అందరూ దానినే తరువాతి పుటకు దించేస్తారు. ఆయన దించలేదు, కూడి చూశారు. ఈ గణితం మీద టి. వెంకటరాయుడు గారితో కలిసి రాసిన ఆంగ్ల గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించింది.

తరువాత ఆయనకు పదవులు వరుసగా వచ్చాయి. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షులు. 1957 నుంచి 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు. 1961 నుంచి 1969 వరకు రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారు. చైనాతో 1962లోనూ, పాకిస్తాన్‌తో 1965లోనూ యుద్ధాలు వచ్చినది ఆ కాలంలోనే. హైదరాబాదులో రక్షణ పరిశోధనశాలలు వెలసినదీ ఆ కాలంలోనే. అంత పెద్ద శాస్త్రవేత్త ఫైళ్ల మధ్య కూర్చోవలసి వచ్చిందే అని నాకు మొదట బాధ కలిగింది. కానీ 1966లో స్ఫటికాల సౌష్ఠవం మీద ఆయన మరో గ్రంథం వెలువరించారని తెలిసి ఊరట కలిగింది. ఫైళ్లు చూస్తూనే లెక్కను వదలలేదన్నమాట.

1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

ఇక మా ఇంటి చర్చ. మా అబ్బాయి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఉద్యోగి. లోహపు దిమ్మెలో కంటికి కనబడని పగులు ఉందేమో చూడటానికి అతిధ్వని తరంగాలనే పంపుతారని వాడికి తెలుసు. మన వయసువారికి గుండె పరీక్షలో చేసే ఎకో కూడా ఆ తరంగాల పనే. వీటిని కనిపెట్టినది భగవంతం గారు కాదు. కానీ తరంగాల లెక్కలు తెలిసినవారు లేనిదే ఇవేవీ లేవు. ఈ వ్యాసం చిత్తుప్రతిని వాడికి చదవమని ఇచ్చాను. చదివి, ఏమీ మాట్లాడకుండా బల్లమీద పెట్టాడు. మూడోరోజు కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకొని, డిగ్రీ దరఖాస్తులో బి.ఎస్సీ.ని మొదటి ఐచ్ఛికంగా తానే నింపాడు.

మీ ఇళ్లలోనూ లెక్కలంటే ఇష్టపడే పిల్లలుంటే వారికి ఈ మహనీయుని జీవితం చెప్పండి. సెలవు.