‘చిత్రలహరి’ పాట వెనుక కొత్తపల్లి బిడ్డ

1980వ దశకంలో కడప, కర్నూలు జిల్లాల పల్లెల్లో పెరిగినవారికి శుక్రవారం సాయంత్రం అనగానే హైదరాబాద్ దూరదర్శన్ వారి ‘చిత్రలహరి’ గుర్తుకు వస్తుంది. అప్పట్లో ఊరికి ఒకటో రెండో టీవీలు. పొద్దు గూకకముందే పిల్లలంతా టీవీ ఉన్న ఇంటికి చేరేవారు. బొమ్మ చెదిరితే ఒకరు మిద్దె ఎక్కి ఏంటెనా తిప్పాలి, కింద నుంచి మరొకరు కేక వేసి చెప్పాలి. కొత్త పాటల నడుమ నలుపు తెలుపు పాట ఏదైనా వస్తే పిల్లలు పెదవి విరిచేవారు. వెనుక గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దలు మాత్రం మాటలు ఆపి వినేవారు. 1963లో మొదలైన కడప ఆకాశవాణి పుణ్యమా అని ఆ పాటలు వారికి అంతకు ముందే కంఠతా వచ్చు.

ఆ పాత పాటలలో ‘మల్లీశ్వరి’ పాటలది పెద్దపీట. పాడినది ఘంటసాల, భానుమతి అని ఎవరినడిగినా చెబుతారు. తెరమీద కనిపించేది రామారావు అనీ చెబుతారు. ఆ చిత్రాన్ని తీసిన మనిషి మాత్రం ఈ కరువు నేలలోనే పుట్టాడన్న సంగతి ఎక్కువమందికి తెలియదు.

ఆయనే బి.ఎన్. రెడ్డి. పూర్తి పేరు బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. 1908 నవంబరు 16న కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లిలో రైతు కుటుంబంలో జన్మించారు. వాన పడితేనే పంట, లేకుంటే వలస అన్నట్టుండే ప్రాంతం అది. ఆ కుటుంబం వ్యవసాయాన్నే నమ్ముకుని ఉండిపోలేదు. తండ్రి ఎర్రగడ్డల వ్యాపారంలో దిగి సరుకును సముద్రం మీదుగా రంగూన్‌కు ఎగుమతి చేసేవారు. ఆ వ్యాపారమే కుటుంబాన్ని మద్రాసుకు చేర్చింది. తమ్ముడు బి. నాగిరెడ్డి తర్వాతి కాలంలో విజయా సంస్థతోనూ, పిల్లల పత్రిక ‘చందమామ’తోనూ పేరు పొందారు.

నరసింహారెడ్డి మద్రాసులో అచ్చుయంత్రాల వ్యాపారం చూసుకుంటూనే సినిమాల వైపు మళ్లారు. హెచ్.ఎం. రెడ్డితో కలిసి రోహిణీ సంస్థలో పనిచేశారు. ఆ సంస్థ 1938లో ‘గృహలక్ష్మి’ తీసింది. ఆ తర్వాత మూలా నారాయణస్వామి తోడ్పాటుతో వాహినీ సంస్థను నెలకొల్పారు. తాడిపత్రికి చెందిన కె.వి. రెడ్డి కూడా ఆ నీడనే ఎదిగారు. తెలుగు సినిమాకు మద్రాసులో గట్టి పునాది వేసిన వారిలో సీమవారి పాలు ఇంత ఉందన్నమాట.

పురాణ కథలే ఎక్కువగా ఆడుతున్న రోజుల్లో వాహినీ మొదటి చిత్రం ‘వందేమాతరం’ 1939లో చదువుకుని ఉద్యోగం దొరకని యువకుడి కష్టాన్ని చూపింది. 1940లో వచ్చిన ‘సుమంగళి’ వితంతువుల వివాహాన్ని సమర్థించింది. 1941లో ‘దేవత’, 1945లో ‘స్వర్గసీమ’ వచ్చాయి. ఘంటసాల మొదటిసారి నేపథ్యగానం చేసింది ‘స్వర్గసీమ’లోనే.

1951 డిసెంబరులో ‘మల్లీశ్వరి’ విడుదలయింది. కృష్ణదేవరాయల కాలపు కథ. ఒకే ఊళ్లో ఆడుతూ పాడుతూ పెరిగిన బావామరదళ్లు నాగరాజు, మల్లీశ్వరి. ఎడ్లబండి మీద పందెం కట్టినట్టు పరుగు తీస్తూ పాట పాడుకునే ఆ జంటను చూసి తమ చిన్నతనం తలుచుకోని పల్లెటూరివాడు ఉండడు. ఒకనాడు వానకు మండపంలో తలదాచుకున్నప్పుడు మల్లీశ్వరి నాట్యం చేస్తుంది. మారువేషంలో ఉన్న రాయలవారు అది చూస్తారు. ఆయన ఎవరో తెలియని నాగరాజు, మల్లికి పల్లకీ పంపించమని హాస్యానికి అడుగుతాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. మల్లి అంతఃపురంలో చిక్కుకుంటుంది. డబ్బు సంపాదించుకొస్తేనే పిల్లనిస్తామన్న మాటకు ఊరు విడిచి వెళ్లిన నాగరాజు తిరిగి వచ్చేసరికి ఇల్లు బోసిపోయి ఉంటుంది.

ఈ కథకు దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు రాశారు. సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టారు. సినిమాకు కృష్ణశాస్త్రి రాయడం అదే మొదలు. చైనాలో కూడా ఈ చిత్రాన్ని ప్రదర్శించారు.

పసితనం మీద ఆయనకున్న మమకారం అంతటితో ఆగలేదు. జార్జి ఇలియట్ ఆంగ్ల నవల ‘సైలాస్ మార్నర్’ ఆధారంగా 1955లో ‘బంగారుపాప’ తీశారు. ఊరంతా భయపడే మొరటు మనిషి దిక్కులేని పసిబిడ్డను పెంచుతూ మనిషిగా మారే కథ అది. ఆ పాత్రలో ఎస్.వి. రంగారావు నటించారు. 1966లో వచ్చిన ‘రంగులరాట్నం’ కథ సీమవారికి మరీ దగ్గరిది. ఊళ్లో ఆధారం పోయి పట్నం చేరిన కుటుంబం, బిడ్డలను సాకే తల్లి, ఒకే కడుపున పుట్టి ఎన్నికల్లో ఎదురెదురు నిలిచిన అన్నదమ్ములు. చంద్రమోహన్‌కు అదే తొలి చిత్రం.

ముప్పై ఏళ్లలో ఆయన దర్శకత్వం వహించిన చిత్రాలు పదకొండు మాత్రమే. చివరిది 1969 నాటి ‘బంగారు పంజరం’. త్వరగా చుట్టబెట్టి సొమ్ము చేసుకోవడం ఆయన పద్ధతి కాదు. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనను వరించింది. దక్షిణాది నుంచి ఆ గౌరవం అందుకున్న మొదటి వ్యక్తి కొత్తపల్లి బిడ్డే. 1986లో తమ్ముడు నాగిరెడ్డికీ అదే పురస్కారం దక్కింది.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలయింది. సరిగ్గా పదహారు రోజులకు, నవంబరు 8న, బి.ఎన్. రెడ్డి కన్నుమూశారు. తన పాట పులివెందుల పల్లెల్లో టీవీ ముందు పిల్లలనూ పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టే రోజు ఆయన చూడలేదు.

నాడు పెదవి విరిచిన పిల్లలు ఇప్పుడు యాభై దాటుతున్నారు. కొందరు బెంగళూరులో, కొందరు కువైట్‌లో బతుకుతెరువు వెతుక్కున్నారు. ఊరికి వచ్చినపుడు ఎక్కడైనా ఆ ఎడ్లబండి పాట చెవిన పడితే వారూ ఇప్పుడు మాటలు ఆపి వింటున్నారు. గిత్తలూ లేవు, ఏంటెనా తిప్పే మిద్దెలూ తగ్గిపోయాయి. చిన్ననాడే ఊరు దాటిన ఒక సీమవాసి తీసిన ఆ బొమ్మలో మాత్రం పల్లె చెక్కుచెదరకుండా ఉంది. పక్కన ఉన్న పిల్లలకు ఆ పాటతో పాటు కొత్తపల్లి పేరు కూడా చెప్పడం మనవంతు.