సూత్రాల వెనక ఒక గని ఇంజనీరు

కామర్సు చదివే ప్రతి విద్యార్థీ హెన్రీ ఫేయోల్ చెప్పిన 14 సూత్రాలు కంఠతా పడతాడు. పరీక్ష కాగానే సగం మరిచిపోతాడు. అవి రాసినాయన తరగతి గదిలో పాఠాలు చెప్పుకున్న ఆచార్యుడు కాడనీ, బొగ్గు గనిలోకి దిగి పనిచేసిన ఇంజనీరనీ మనలో ఎందరికి తెలుసు?

ఫేయోల్ 1841లో ఇస్తాంబుల్‌లో ఫ్రెంచి దంపతులకు పుట్టాడు. సెయింట్ ఎటియెన్‌లో గనుల చదువు ముగించుకుని, 1860లో, 19 ఏళ్ల వయసులో ఫ్రాన్సులోని కొమాంత్రీ గనుల్లో ఉద్యోగంలో చేరాడు. భూగర్భంలో బొగ్గు అంటుకోవడం ఆ గనులకు పెద్ద బెడద. ఆ మంటలతో పోరాటమే ఆయనకు తొలి పాఠశాల.

1861లో ఒక చిన్న సంఘటన జరిగింది. గనిలో పనిచేసే గుర్రం కాలు విరిగింది. బదులు మరో గుర్రాన్ని పంపమని ఫేయోల్ చీటీ రాశాడు. మేనేజరు సంతకం లేనిదే కుదరదన్నాడు గుర్రపుశాల కాపరి. మేనేజరేమో అక్కడ లేడు. ఆయన స్థానంలో సంతకం పెట్టే అధికారమూ ఎవరికీ లేదు. ఎంత బతిమాలినా కాపరి మెత్తబడలేదు. ఆ అంతస్తులో పని పడిపోయింది. ఆ కుర్ర ఇంజనీరు కాపరిని తిట్టుకుని ఊరుకోలేదు. అధికారి లేనప్పుడు కూడా అధికారం ఉండి తీరాలని తన డైరీలో రాసుకున్నాడు. బాధ్యత ఒకరికీ అధికారం ఇంకొకరికీ ఉంటే ఏమవుతుందో ఆయనకు గుర్రమే నేర్పింది!

1888లో ఆయన కంపెనీ మేనేజింగ్ డైరెక్టరయ్యాడు. అప్పటికి కంపెనీ దివాలా అంచున ఉంది. 1885 నుంచి వాటాదార్లకు డివిడెండు లేదు. కంపెనీ మునిగితే వేలాది కుటుంబాల పొయ్యిలో పిల్లి లేవదు. ఫేయోల్ దాన్ని నిలబెట్టాడు. 1918లో పదవి వదిలేనాటికి అది గట్టి పునాదిమీద ఉంది. ఇదంతా తన గొప్ప కాదు, పద్ధతి గొప్పే అన్నది ఆయన నమ్మకం.

ఆ పద్ధతినే 1916లో గ్రంథంగా వెలువరించాడు. ముందుచూపు, వ్యవస్థీకరణ, ఆదేశం, సమన్వయం, అదుపు అనే ఐదింటినీ పాలనలో భాగాలుగా చూపాడు. ఒక ఉద్యోగికి ఒకే అధికారి ఆజ్ఞ ఇవ్వాలన్నాడు. అలాగని ప్రతి కాగితమూ పైదాకా ఎక్కి దిగనక్కరలేదనీ, పై అధికారులకు తెలిపి ఇరుగుపొరుగు శాఖలవాళ్లు నేరుగా మాట్లాడుకోవచ్చనీ చెప్పాడు. తన సూత్రాలు రాతిమీద గీతలు కావనీ, సందర్భాన్ని బట్టి వాడుకోవాలనీ హెచ్చరించాడు. పాలనను బడుల్లో, కాలేజీల్లో నేర్పాలని పట్టుబట్టిన ఆయన 1925లో కన్నుమూశాడు.

మిత్రులారా, కార్యదర్శి ఊరెళ్లాడని సంఘం పని ఆగినప్పుడల్లా, సంతకం కోసం ఫైలు బల్లమీద పడుకున్నప్పుడల్లా ఆ గుర్రాన్ని తలచుకోండి. 14 సూత్రాలూ మరిచిపోయినా, ఆ ఒక్కటి గుర్తుంటే చాలు.