విద్యార్థికి అన్నం పెట్టిన కొత్వాల్

చదువు అనగానే మనకు పుస్తకం, పాఠం, పరీక్ష, ఫలితం గుర్తుకు వస్తాయి. ఆ చదువు చదివే పిల్లవాడు పొద్దున ఏం తిని వచ్చాడు, రాత్రి ఎక్కడ తల దాచుకున్నాడు, జ్వరం వస్తే ఎవరు చూశారు, దిగులు పుడితే ఎవరితో చెప్పుకున్నాడు అన్న సంగతులు ఏ కళాశాల వార్షిక నివేదికలోనూ కనిపించవు. కాని చదువు మధ్యలో ఆగిపోయిన వాళ్లను అడిగి చూడండి. పాఠం అర్థం కాక మానేసిన వాళ్లకంటే, పూట గడవక, ఒళ్లు బాగుండక, మనసు నిలవక మానేసిన వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ఇది నేను ఎన్నో ఏళ్లుగా విద్యార్థుల మధ్య మెలుగుతూ తెలుసుకున్న మాట.

అందుకే ఈ సావనీర్ కోసం ఒక మహనీయుని జీవితం రాయమని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, కవులను, పండితులను, దేశనాయకులను పక్కన పెట్టి, ఒక పోలీసు అధికారిని ఎంచుకున్నాను. ఆయన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు. నారాయణగూడలో విగ్రహం ఉంది, మహిళా కళాశాలకు పేరు ఉంది, హిమాయత్‌సాగర్ దగ్గరి పోలీసు అకాడమీకీ ఆయన పేరే. పేరు తెలియని వారు నగరంలో తక్కువ. ఆయన విద్యార్థులకు చేసిన మేలు ఎటువంటిదో తెలిసిన వారు మాత్రం అంతకన్నా తక్కువ.

వెంకటరామారెడ్డి గారు 1869 ఆగస్టు 22న పాలమూరు జిల్లా, వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టారు. పొత్తిళ్లలో ఉండగానే తల్లిని పోగొట్టుకున్నారు. అమ్మమ్మ చేతుల మీద పెరిగారు. ఇంకొకరి ఇంట, ఇంకొకరి ఆదరణ మీద పెరిగిన పిల్లవానికి అన్నం పెట్టే చేతి విలువ ఒకరు నేర్పనక్కర లేదు. చదువు వీధి బడిలో మొదలై వనపర్తిలో సాగింది. ఆనాటి నైజాం రాజ్యంలో ఇంట్లో మాట తెలుగు, కచేరీలో మాట ఉర్దూ. రాజ్యం నిండా మరాఠీ, కన్నడం మాట్లాడే జిల్లాలు కూడా ఉండేవి. ఉద్యోగం చేయదలచిన వాడు ఇవన్నీ కొద్దో గొప్పో పట్టుకోవలసిందే. ఆయన పట్టుకున్నారు. పెద్ద డిగ్రీలు ఏమీ లేవు.

ఇరవై ఏళ్లు నిండకముందే పోలీసు ఇలాకాలో అమీన్‌గా చేరారు. రాయచూరు జిల్లా ముద్గల్‌లో మొదలైన ఆ నౌకరీ, తరువాత ఎన్నో జిల్లాలు తిప్పింది. ఊరూరా గుర్రం మీద తిరిగిన అధికారికి పల్లె ఎట్లా ఉంటుందో, పల్లెలో చదువుకోవాలనే పిల్లవానికి ఎన్ని అడ్డంకులో కళ్లారా తెలుస్తుంది. చివరకు హైదరాబాదు చేరి, నగర కొత్వాల్‌కు సహాయకునిగా పనిచేసి, 1920లో తానే కొత్వాల్ అయ్యారు. కొత్వాల్ అంటే నేటి లెక్కన నగర పోలీసు కమిషనర్. కాని ఆ రోజుల్లో ఆ ఉద్యోగానికి ఉన్న దర్జా వేరు. నిజాం ప్రభువుకు నేరుగా జవాబు చెప్పుకునే పదవి అది. ఆసఫ్‌జాహీ కాలంలో ఆ స్థానం అందుకున్న తొలి హిందువు ఈయనే. 1922లో ఇంగ్లండు యువరాజు హైదరాబాదు వచ్చినప్పుడు, దేశమంతా సహాయ నిరాకరణతో అట్టుడుకుతున్నా, ఇక్కడ ఏ గొడవా లేకుండా గడిచిందంటే అది ఆయన బందోబస్తే. 1934 దాకా, పద్నాలుగేళ్లు ఆ పదవిలో ఉన్నారు. రాజా బహదూర్ బిరుదు, ఆంగ్ల ప్రభుత్వం వారి ఓ.బి.ఇ. కూడా ఆ కాలంలో వచ్చినవే.

ఇదంతా ఉద్యోగ చరిత్ర. ఇటువంటి ఉద్యోగాలు చేసిన వాళ్లు చాలామందే ఉన్నారు, బిరుదులతో పాటే మరుగున పడ్డారు. ఈయన మిగిలిపోవడానికి కారణం 1918లో జరిగిన ఒక పని.

ఆ సంవత్సరం గుర్తు పెట్టుకోదగింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. అప్పటిదాకా పైచదువు అంటే నిజాం కళాశాల, అదీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. ఇప్పుడు నగరంలోనే విశ్వవిద్యాలయం వచ్చింది. తలుపు తెరుచుకుంది సరే, ఆ తలుపు దాకా ఎవరు రాగలరు? పాలమూరు నుంచో, నల్లగొండ నుంచో, ఓరుగల్లు నుంచో వచ్చిన పిల్లవానికి నగరంలో చుట్టం ఉంటే సరి, లేకపోతే చావిడి అరుగే గతి. పెండ్లికాని కుర్రవానికి ఎవరూ గది ఇవ్వరు. వారాలు చేసుకుని, అంటే సోమవారం ఒక ఇంట, మంగళవారం ఒక ఇంట తిని చదువుకోవడం మన దేశంలో పాత అలవాటే. అది దొరికే కులాలు వేరు, దొరకని కులాలు వేరు. పైగా నగరంలో తెలుగు మాట చిన్నచూపు చూడబడే కాలం. 1921 నవంబరులో వివేకవర్ధని పాఠశాలలో జరిగిన సభలో ఒక వక్త తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారన్నది చరిత్రకెక్కిన విషయం. ఆంధ్ర జనసంఘం పుట్టింది ఆ అవమానంలో నుంచే. అటువంటి నగరంలో పదిహేనేళ్ల పల్లెటూరి పిల్లవాడు ఒంటరిగా ఎట్లా నెట్టుకు రాగలడు? దీనికి తోడు రోగాలు. 1911లో ప్లేగు నగరాన్ని ఊపివేసింది. 1918లోనే ఇన్‌ఫ్లుయెంజా దేశమంతటా కోటికి పైగా ప్రాణాలను తీసుకుపోయింది. తల్లిదండ్రులు పిల్లలను నగరం పంపడానికి జంకితే తప్పు పట్టగలమా?

వెంకటరామారెడ్డి గారు అప్పటికి ఇంకా కొత్వాల్ కూడా కాలేదు. సంస్థానాధీశులను, దేశముఖులను, ఊళ్లలోని పెద్ద రైతులను కలిసి, చందాలు పోగు చేసి, రెడ్డి హాస్టల్ పెట్టించారు. పెట్టించి ఊరుకోలేదు. హాస్టల్ అనేది ఒకనాడు కొబ్బరికాయ కొట్టి వదిలేసే పని కాదు. నెల తిరిగే సరికి బియ్యం బస్తాలు రావాలి, వంటవాళ్లకు జీతం ఇవ్వాలి, జబ్బుపడిన పిల్లవాని కోసం వైద్యుణ్ణి పిలవాలి, తండ్రి చనిపోయాడని ఉత్తరం వచ్చిన పిల్లవాని పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. ఈ పనికి పేరు రాదు, ముగింపు ఉండదు. తరువాత కొత్వాల్ హోదా వచ్చినా, ఆ హాస్టల్ బాగోగులు ఆయన విడిచిపెట్టలేదు. నగరంలో అందరూ భయపడే అధికారి, పిల్లల అన్నం కోసం పదిమంది ముందు చేయి చాచడానికి సిగ్గుపడలేదు. నా దృష్టిలో ఆయన గొప్పతనం అక్కడ ఉంది.

ఆయన చేసిన ఇంకొక మంచి పని సరైన మనిషిని తెచ్చిపెట్టడం. సురవరం ప్రతాపరెడ్డి గారిని హాస్టల్ కార్యదర్శిగా తీసుకువచ్చారు. సురవరం వారు అక్కడ వేల పుస్తకాల గ్రంథాలయం పెంచారు. 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించి తెలంగాణలో తెలుగుకు వెన్నెముకగా నిలిచారు. కొత్వాల్ గారి జీవితచరిత్రను గ్రంథంగా రాసింది కూడా ఆయనే. ఒక చోట అన్నం, పడక, పుస్తకం, పెద్దదిక్కు నాలుగూ దొరికితే ఏమవుతుందో ఆ హాస్టల్ చూపించింది. ఆ తరం తెలుగు జిల్లాల నాయకుల్లో, న్యాయవాదుల్లో, అధికారుల్లో చాలామంది అక్కడ తిని చదివిన వారే. రావి నారాయణరెడ్డి గారు అక్కడి విద్యార్థి. నిజాం కొత్వాల్ నడిపిన హాస్టల్‌లో పెరిగిన కుర్రవాడు, తరువాత ఆ నిజాం రాజ్యం మీదనే సాయుధ పోరాటానికి నాయకుడయ్యాడు! అన్నం పెట్టినవాడు ఆలోచనలకు తాళం వేయలేదని దీనివల్ల తెలుస్తుంది.

ఆడపిల్లల చదువుకూ ఆయన అండ ఉంది. మాడపాటి హనుమంతరావు గారు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల కోసం ఉన్నత పాఠశాల పెట్టినప్పుడు, వెంకటరామారెడ్డి గారు గట్టిగా వెన్నుదన్నుగా నిలిచారు. తరువాత బాలికలకూ హాస్టల్ ఏర్పడింది. 1953 జనవరి 25న ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడు, 1954లో, ఆయన పేరున మహిళా కళాశాల వెలిసింది.

ఇంత చెప్పి, ఒక మాట చెప్పకుండా దాటవేస్తే అది చరిత్ర అనిపించుకోదు. ఆ హాస్టల్ ఒక కులం పేరు మీద పుట్టింది. కాలక్రమాన వైశ్య, మున్నూరుకాపు, గౌడ, పద్మశాలి హాస్టళ్లు కూడా నగరంలో వచ్చాయి. ఎవరి పిల్లలను వారు చూసుకున్నారు. మరి చందా ఇచ్చే దేశముఖు లేని కులాల పిల్లల మాటేమిటి? వారి కోసం అదే నగరంలో భాగ్యరెడ్డివర్మ గారు 1910 నుంచే బడులు పెట్టి, చందాల కోసం ఊరంతా తిరిగారు. ఆయన వెనక సంస్థానాలు లేవు. వెంకటరామారెడ్డి గారి పనిని మెచ్చుకుంటూనే, ఆ పళ్లెం అందరి ముందుకూ రావడానికి ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ల దాకా ఆగవలసి వచ్చిందని మనం గుర్తుంచుకోవాలి. కులపెద్ద దయగా మొదలైనది పౌరుని హక్కుగా మారడమే దాని అసలు ఎదుగుదల.

ఇప్పుడు మన తూర్పు నగరానికి వద్దాం. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు ఎల్.బి.నగర్ చౌరస్తాలో పిల్లలను దించుతాయి. భుజాన సంచి, చేతిలో పచ్చడి సీసా. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ గల్లీలోకి తొంగి చూసినా బాయ్స్ హాస్టల్, గర్ల్స్ హాస్టల్, కోచింగ్ సెంటర్ బోర్డులే. 2018లో మెట్రో రైలు ఎల్.బి.నగర్ చేరాక రాకపోకలు తేలికయ్యాయి, అద్దెలు మాత్రం తేలిక కాలేదు. ఆ దారిలోనే విక్టోరియా మెమోరియల్ స్టేషన్ ఉంది. ఆరవ నిజాం కాలంలో ఏర్పడిన అనాథ బాలల గృహం పేరు అది. తల్లిదండ్రులు లేని పిల్లలకు కూడు, గూడు, బడి ఒకే ప్రాంగణంలో ఉండాలన్న ఆలోచన మన పేటలోనే అంత పాతది. దాని ముందు నుంచే రోజూ వేలమంది విద్యార్థులు అర్ధాకలితో రైలెక్కి పోతున్నారు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ వెనక వీధిలో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్లం. ఇరవయ్యో తేదీ దాటితే మెస్‌కు కట్టడానికి పైసలుండేవి కావు, మధ్యాహ్నం టీ, బన్నుతో సరిపెట్టేవాళ్లం. మాలో ఒకడికి పచ్చకామెర్లు వచ్చి ఊరికి పోయాడు, మళ్లీ రాలేదు. అతను మా అందరికంటే బాగా చదివేవాడు. అతని పేరు కళాశాల రిజిస్టరులో కొట్టివేశారు, అంతే. ఎందుకు రాలేదని అడిగిన వాళ్లు లేరు.

నేడు పరిస్థితి పూర్తిగా అట్లాగే ఉందని నేను అనను. నగరంలో 5 రూపాయల భోజన కేంద్రాలు 2014లో మొదలయ్యాయి. 2024లో సంక్షేమ హాస్టళ్లలో కళాశాల విద్యార్థికి నెలకు ఇచ్చే భోజన ఖర్చు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచారు. అంటే రోజుకు 70 రూపాయలు. మూడు పూటలకు పంచి చూడండి, లెక్క మీకే తెలుస్తుంది. మనసు బాగుండని వారికోసం కేంద్ర ప్రభుత్వం 2022లో టెలిమానస్ పెట్టింది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు ఎంతమంది విద్యార్థులకు తెలుసు? 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్న సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఆ ఇళ్లలో దీపాలు ఆరిపోయాక వేసిన కమిటీల కంటే, ముందుగా భుజం మీద చేయి వేసే ఒక మనిషి ఎక్కువ పని చేసి ఉండేవాడు.

కాబట్టి విద్యార్థి సంఘం మిత్రులకు నా మనవి. కొత్వాల్ గారి దగ్గర మనం నేర్చుకోవలసింది, ఆయన సమస్యను ఎక్కడ పట్టుకున్నారన్నది. విశ్వవిద్యాలయం పుట్టిన ఏడాదే ఆయన వంటశాల గురించి ఆలోచించారు. మనకు సంస్థానాలు లేకపోవచ్చు, పూర్వ విద్యార్థులున్నారు. తలా కొంత వేస్తే, నెలాఖరున మెస్ బాకీ కట్టలేని వారికోసం ఒక చిన్న నిధి నడపవచ్చు. సాయం పొందిన వారి పేర్లు నోటీసు బోర్డుకు ఎక్కించకూడదు, ఇది మాత్రం ముఖ్యం. ఏడాదికి ఒకసారైనా అందరికీ రక్తపరీక్ష, కంటిపరీక్ష జరిపించవచ్చు. వారానికి ఒకరోజు శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను కళాశాలలో కూర్చోబెట్టమని ప్రిన్సిపాల్ గారిని అడగవచ్చు. వరుసగా పది రోజులు తరగతికి రాని విద్యార్థి ఇంటికి ఒక ఫోన్ చేయడానికి అసలు నిధులే అక్కర లేదు.

ఎన్నికల్లో గెలిచిన సంఘానికి వేదికలు, బ్యానర్లు, సాంస్కృతిక వారోత్సవాలు ఎట్లాగూ ఉంటాయి, ఉండాలి కూడా. వాటితో పాటు ఈ ఏడాది మన కళాశాలలో అన్నం లేక చదువు మానేసిన వారు ఎవరూ లేరని వచ్చే సావనీర్‌లో ఒక్క వాక్యం రాయగలిగితే, రెడ్డి హాస్టల్ పుట్టిన నూరేళ్ల తరువాత ఆ పళ్లెం సరైన చేతుల్లోకి వచ్చిందని నేను సంతోషిస్తాను.