ఆచార్య శేషాద్రిగారు

ఎఱ్ఱగోంగూర ఆకు ఎరుగని యిల్లు మన జంక్షను చుట్టుప్రక్కల లేదు. దాని పూవును గూర్చి తలచువారు మాత్రము తక్కువ. ఆ లేతపసుపు రేకులలో నేమున్నదో శోధించి చెప్పినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయనాచార్యులు తిరువెంకట రాజేంద్ర శేషాద్రిగారు.

వారు 1900 ఫిబ్రవరి 3వ తేదీన తిరుచిరాపల్లి ప్రాంతమందలి కుళిత్తలైలో జన్మించిరి. తమిళులే యైనను వారి పరిశోధనకు పంటకాలము తెలుగునేలమీద గడచినది. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, మాంచెస్టరులో రాబర్టు రాబిన్‌సన్ పండితునికడ డాక్టరు పట్టమును, ఆస్ట్రియాలో ప్రెగ్లుకడ అత్యల్ప పరిమాణములతో విశ్లేషణ చేయు నేర్పును గడించి స్వదేశమునకు వచ్చిరి. కొంతకాలము కోయంబత్తూరున పనిచేసి, పిమ్మట వాల్తేరు చేరిరి.

పూలరంగు తరచుగా ఒంటిగా నుండదు. చక్కెరతో ముడిపడి యుండును. పలుచని ఆమ్లముతో కాచినచో రెండును విడిపోవును. ఏ రంగో, ఏ చక్కెరో అప్పుడు తెలియును గాని, ముడి ఎచ్చట పడినదో తెలియదు. చక్కెర పట్టుకొనదగిన స్థానములు రంగుపదార్థమునకు అనేకములు. ప్రత్తిపూలనే చూడుడు. క్వెర్సెటిన్ అను రంగునకు మూడవ స్థానమున గ్లూకోజు చేరిన నొక వస్తువు, ఏడవ స్థానమున చేరిన మరియొక వస్తువు!

దీనిని తేల్చు యుక్తి యిది. చక్కెరను విడదీయక ముందే, ఖాళీ స్థానములన్నిటికిని మిథైల్ అను చిన్న మూతలు బిగింతురు. పిమ్మట ఆమ్లముతో కాచి చక్కెరను తొలగింతురు. మూతలు ఊడవు. మూత లేక బయటపడిన స్థానమే చక్కెర కూర్చున్న చోటు. అయితే ఒక్క ఖాళీకి మూత పడకపోయినను సమాధానము తప్పును. కావున శేషాద్రిగారు ఆ ఫలితముతో తృప్తిపడక, అదే వస్తువును వేరు దారిన ప్రయోగశాలలో నిర్మించి, రెండింటిని సరిపోల్చెడివారు. ఆ ఓపిక అందరికి అలవడునది కాదు.

ఈ యుక్తి చక్కెరల గొలుసులకును చెల్లును. 1937లో నోబెల్ బహుమానము నందిన హావర్తు పండితుడు ఇంగ్లండున దీనితోనే పిండిపదార్థమును, ప్రత్తినారయందలి సెల్యులోజును శోధించెను. గొలుసు కొననున్న గ్లూకోజునకు నాలుగు మూతలు పడును; నడుమనున్న దానికి మూడే. వానిని లెక్కించి గొలుసు పొడవును అంచనా వేయుదురు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముమీద జపానువారి బాంబులు పడెను. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. ప్రయోగశాలను ఊరు మార్చుట గ్రంథాలయమును మార్చుటకన్న కష్టము. గోంగూర మాత్రము గుంటూరునందును పూయును గదా! ఆ సంవత్సరముననే శేషాద్రిగారు, పి. సూర్యప్రకాశరావుగారు ఆ పూలయందు హైబిసెటిన్ అను క్రొత్త రంగుపదార్థమును కనుగొన్నట్లు ప్రకటించిరి. దాని చక్కెర జంటలో గ్లూకోజు చోటు మూడవ స్థానము.

1949లో వారు ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెడలిరి. 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1963లో పద్మభూషణ బిరుదమును పొందిరి. 1975 సెప్టెంబరు 27న దివంగతులైరి. వాల్తేరున వారి శిష్యులు ఎల్. రామచంద్రరావుగారు మొక్కల రసాయనమునందు పరిశోధన సాగించిరి.