పొలంలో పుట్టిన పడవ

ఈ సంచికకి జీవిత చరిత్రలు కావాలని క్లబ్ గ్రూపులో మెసేజ్ పెట్టినప్పుడు అందరూ శాస్త్రవేత్తల పేర్లు, స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు పెట్టారు. నేను ఒక నావికుడి పేరు పెట్టాను. జాషువా స్లోకమ్. తెరచాప పడవ మీద ఒక్కడే భూమి మొత్తం చుట్టి వచ్చిన మొదటి మనిషి. పడవల ప్రపంచంలో ఆయన పేరు తెలియనివాళ్లు ఉండరు, మన వైపే పెద్దగా వినపడదు. మాది జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య ఒక మెట్ట ఊరు. సముద్రం చూడాలంటే బందరు దాకా, సుమారు 150 కిలోమీటర్లు పోవాలి. మాకు తెలిసిన నీళ్లంటే ముక్త్యాల దగ్గర కృష్ణ, వానాకాలంలో పొంగే మునేరు. తెలిసిన పడవంటే చేపలు పట్టేవాళ్ల పుట్టి. మరి ఈయన గురించి ఎందుకంటే, ప్రయాణం కంటే ముందు, ఆయనకి పని లేకుండా పోయిన కథ నన్ను వదల్లేదు. రాత్రిళ్లు మన హాస్టల్ రూముల్లో నడిచే చర్చ కూడా అదే కదా. నాలుగేళ్లు కష్టపడి నేర్చుకున్న పని మనం బయటికి వెళ్లేసరికి ఉంటుందా, మెషీన్ చేసేస్తుందా అని.

స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. తండ్రి జాలర్లకి తోలు బూట్లు కుట్టేవాడు. పదేళ్లకే బడి మాన్పించి కొడుకుని బూట్ల కొట్లో కూర్చోబెట్టాడు. పిల్లాడు దొంగచాటుగా ఒక చిన్న ఓడ బొమ్మ చెక్కుకుంటుంటే తండ్రి చూసి, దాన్ని నేలకేసి కొట్టి ముక్కలు చేశాడట. పద్నాలుగేళ్లకి ఇంట్లోంచి పారిపోయి చేపల పడవ మీద వంటవాడిగా చేరాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. తల్లి చనిపోయాక 1860లో పదహారేళ్లకి వెళ్లిపోయినవాడు ఇక ఆ కొట్టుకి తిరిగి రాలేదు.

మామూలు నావికుడిగా ఎక్కి, ఓడల మీదే చదువుకుని, పాతికేళ్లకి కెప్టెన్ అయ్యాడు. 1871లో సిడ్నీలో వర్జీనియా వాకర్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఓడే ఇల్లుగా బతికింది. ఏడుగురు పిల్లలు పుడితే నలుగురు దక్కారు. అలాస్కాలో ఓడ పగిలిపోతే స్లోకమ్ అక్కడే ఒక పడవ తయారు చేసి, పట్టిన సాల్మన్ చేపల్ని కూడా కాపాడుకున్నాడు. ఫిలిప్పీన్స్‌లో ఒకరి కోసం ఓడ కట్టాడు. తమాషా ఏంటంటే అది స్టీమర్. 1880ల మొదట్లో నార్తర్న్ లైట్ అనే పెద్ద తెరచాప ఓడకి కెప్టెన్, అందులో వాటాదారు కూడా. ఆయన ఉద్యోగ జీవితంలో అదే పై మెట్టు.

అప్పటికే కింద నేల కదులుతోంది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఆ దారిలో తెరచాప ఓడలకి గాలి అనుకూలించదు, స్టీమర్లకి గాలితో పని లేదు. సరుకు ఏ తేదీకి చేరుతుందో ముందే చెప్పగలిగే ఓడ వచ్చాక, గాలి ఎప్పుడు వీస్తే అప్పుడు వస్తానని చెప్పే ఓడకి సరుకు ఎవరిస్తారు? మన తెలుగు తీరంలో కోరంగి, తాళ్లరేవు వైపు చెక్కతో తెరచాప ఓడలు కట్టేవాళ్లు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ కోరంగీలు అనేవాళ్లు, ఆ రేవు పేరు మీదే. తుఫానులు, ఇసుక మేటలు ఆ రేవుని ముందే దెబ్బ కొట్టాయి, ఆ పైన స్టీమర్లు వచ్చాయి. స్లోకమ్ కథ ఆయన ఒక్కడిదే కాదన్నమాట. తోటి కెప్టెన్లలో చాలామంది స్టీమర్లకి మారారు, కొందరు ఒడ్డున ఏదో ఒక పని చూసుకున్నారు. ఈయన మారలేదు. అక్విడ్‌నెక్ అనే చిన్న తెరచాప ఓడని కొనుక్కున్నాడు. అది పట్టుదలో మొండితనమో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

1884లో బ్యూనస్ ఎయిర్స్ దగ్గర ఆ ఓడలోనే వర్జీనియా చనిపోయింది. రెండేళ్లకి తన బంధువుల అమ్మాయి హెట్టీని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి 24 ఏళ్లు. ఆ తర్వాత అన్నీ దెబ్బలే. కలరా వల్ల రేవులోకి రానివ్వలేదు. ఓడలో కొందరు తిరగబడితే కాల్పులు జరిపాడు, ఒకడు చనిపోయాడు, కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. తర్వాత సిబ్బందికి మశూచి. చివరికి 1887లో బ్రెజిల్ తీరంలో ఓడ ఇసుక దిబ్బకి తగిలి పోయింది.

ఇక్కడి నుంచి ఆయన నాకు నచ్చాడు. చేతిలో డబ్బు లేదు, ఇద్దరు కొడుకులు, భార్య, పరాయి దేశం. టిక్కెట్ కొనుక్కుని స్టీమర్ ఎక్కి ఇంటికి పోలేదు, ఆ ఒడ్డునే పడవ కట్టడం మొదలుపెట్టాడు. పనిముట్లు ఒక గొడ్డలి, ఒక బాడిస, రెండు రంపాలు, మూడు బరమాలు. చిన్న రంధ్రాలు వేయడానికి తెరచాప కుట్టే సూదుల్ని అరగదీసి వాడారు. చెక్కల్ని బిగించి పట్టుకోడానికి వంకర తిరిగిన జామ కొమ్మలతో బిగింపులు చేసుకున్నారు. హెట్టీకి బట్టలు కుట్టే పని తెలుసు కాబట్టి తెరచాపలు ఆమే కుట్టింది. 35 అడుగుల పడవ తయారైంది. 1888 మే 13న నీళ్లలోకి దించారు. అదే రోజు బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది, అందుకని పడవకి లిబర్డాడే, అంటే స్వేచ్ఛ, అని పేరు పెట్టారు. నలుగురూ 55 రోజుల ప్రయాణంలో సుమారు 5,500 మైళ్లు దాటి అమెరికా ఒడ్డుకి చేరారు. హెట్టీ ఆ తర్వాత ఎప్పుడూ ఆయనతో సముద్రం మీదకి వెళ్లలేదు. నాకైతే ఆమెని తప్పుపట్టాలనిపించలేదు.

1892 చలికాలం. బోస్టన్‌లో స్లోకమ్ పని కోసం తిరుగుతున్నాడు. అంత అనుభవం ఉన్నవాడు ఓడల యార్డులో కూలి పనికైనా సిద్ధపడితే, ముందు సంఘానికి 50 డాలర్లు కట్టాలన్నారు. అప్పుడు తెలిసిన ముసలి కెప్టెన్ ఒకాయన, ఫెయిర్‌హేవెన్‌లో తన ఓడ ఒకటుంది, కొంచెం రిపేరు ఉంది, తీసుకో అన్నాడు. వెళ్లి చూస్తే అది పొలంలో, నీళ్లకి దూరంగా, క్యాన్వాస్ గుడ్డ కప్పుకుని ఉంది. పేరు స్ప్రే. ఏళ్ల తరబడి అక్కడే కుళ్లిపోతున్న పాత పడవ. ఊళ్లో వాళ్లకి అదొక జోక్. దాన్ని పగలగొట్టడానికి వచ్చారా అని అడిగారట. కాదు, కడతానన్నాడు. అయితే దీనివల్ల డబ్బు వస్తుందా అని అందరూ అడిగారు. ఏడాదికి పైగా వచ్చినవాళ్లందరిదీ అదే ప్రశ్న.

దగ్గర్లో ఉన్న ఓక్ చెట్టు కొట్టి అడుగు దూలం చేశాడు. పక్కటెముకల్లాంటి చెక్కల్ని వంచడానికి ఒక ఆవిరి పెట్టె కట్టి, బాయిలర్ బదులు ఒక కుండ పెట్టాడు. తన పని పోగొట్టిన ఆవిరితోనే చెక్కలు వంచాడు. చెక్క మెత్తబడ్డాక అచ్చు మీద వంచి, ఆరేదాకా కట్టి ఉంచాలి. ఒక్కో పక్కటెముక అలా పెట్టుకుంటూ పోయాడు. వాటి మీద ఒకటిన్నర అంగుళాల మందం పైన్ పలకలు. పలకల సందుల్లో ముందు దూది, దాని మీద తారు పట్టిన నార కూరాడు. పాత చెక్క ఒకటి తీసి కొత్తది ఒకటి వేస్తూ పోతే చివరికి పాత పడవలో ఏమీ మిగల్లేదు. అయినా పేరు స్ప్రేనే. మన కోడ్‌లో ఒక్కో మాడ్యూల్ మార్చుకుంటూ పోయి, రిపాజిటరీ పేరు మాత్రం అలాగే ఉంచుతాం చూడండి, అలాంటిదే. అది రిపేరా, కొత్త పడవా అన్నది ఆయనకి కూడా సరదా ప్రశ్నే.

మా తాతయ్య నందిగామ వైపు ఊళ్లలో ఎడ్లబండ్లు చేసిన వడ్రంగి. నల్లతుమ్మ చక్రానికి ఇనప పట్టా వేసేటప్పుడు, పట్టాని పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్లు పోసేవాళ్లని చెప్పేవాడు. చల్లారేకొద్దీ అది బిగుసుకుని చక్రం మొత్తాన్ని పట్టేస్తుంది. స్లోకమ్ ఆవిరి పెట్టె గురించి చదువుతుంటే నాకు ఆ మంటే కనపడింది. ట్రాక్టర్లు వచ్చాక బండ్లు అడిగేవాళ్లు పోయారు. తాతయ్య తలుపులు, కిటికీలు చేశాడు. తర్వాత అవీ రెడీమేడ్‌గా వచ్చాయి. బాడిస, ఉలి, చిత్రిక ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. పని వచ్చిన మనిషికి ఆ పని అడిగేవాళ్లు లేకపోతే ఎలా ఉంటుందో నేను పుస్తకంలో చదవక్కర్లేదు.

పడవ పూర్తవడానికి 13 నెలలు పట్టింది. ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. సెంట్లతో సహా లెక్క రాసుకున్నాడు, ఎందుకంటే ఆ డబ్బు మధ్యమధ్యలో వేరే ఓడల మీద చిల్లర పనులు చేసి సంపాదించింది. 36 అడుగుల 9 అంగుళాల పొడవు, అంటే సుమారు మన ఆర్టీసీ బస్సంత. దాంతో చేపలు పట్టి చూశాడు, కలిసిరాలేదు. ఇక భూమి చుట్టి వద్దామనుకున్నాడు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో బయలుదేరాడు. 51 ఏళ్లు. ఆయనకి ఈత రాదంటారు.

సముద్రం మీద టైమ్ కచ్చితంగా తెలియకపోతే తూర్పు పడమరల్లో ఎక్కడున్నామో తెలియదు. దానికి వాడే క్రోనోమీటర్‌ని బాగు చేయించడానికి 15 డాలర్లు అడిగారని దాన్ని ఇంట్లో వదిలేసి, అద్దం పగిలిన రేకు గడియారం ఒకటి డాలరుకి కొన్నాడు. తర్వాత దాని నిమిషాల ముల్లు కూడా ఊడిపోయింది. పసిఫిక్‌లో చంద్రుడి దూరం కొలిచి లెక్క వేస్తే జవాబు బాగా తేడాగా వచ్చింది. తన కొలత మీద అనుమానం లేక అచ్చు పుస్తకంలోని పట్టికల్ని తిరగేస్తే, ఒక లాగరిథమ్ విలువ తప్పుగా ఉందని దొరికింది. మూడో తరగతితో బడి మానేసినట్టున్న మనిషి లైబ్రరీలో బగ్ పట్టుకున్నాడు! నేను ఈ పేరా రెండుసార్లు చదివాను.

పడవని కట్టిన తీరు వల్ల చుక్కాని కట్టేసి వదిలేస్తే అదే దారి తప్పకుండా పోయేది. ఆస్ట్రేలియా పైనున్న థర్స్‌డే ఐలాండ్ నుంచి కీలింగ్ దీవుల దాకా 2,700 మైళ్లు, 23 రోజులు. అందులో ఆయన చుక్కాని పట్టుకున్నది మొత్తం మూడు గంటలకి మించి ఉండదు. మిగతా టైమ్ వంట, చదువు, నిద్ర. మెగెల్లాన్ జలసంధిలో రాత్రిపూట దొంగలు ఎక్కుతారని ఒక మంచివాడు సంచీడు తివాచీ మేకులు ఇస్తే, వాటిని డెక్ మీద మొనలు పైకి చల్లి పడుకున్నాడు. అర్ధరాత్రి కేకలకి లేచి చూసేసరికి వచ్చినవాళ్లు నీళ్లలోకి దూకేస్తున్నారు. ఆ చోటు వాళ్లది, ఈయనే పరాయివాడు అన్న సంగతి మాత్రం ఆయన పుస్తకంలో పెద్దగా కనపడదు.

1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. 46,000 మైళ్లు. 1900లో పుస్తకం వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. డబ్బు వస్తుందా అని అడిగిన ఫెయిర్‌హేవెన్ వాళ్లకి అదొక రకం జవాబు. కానీ ఓడ నడిపినందుకు కాదు, ఆ కథ చెప్పినందుకు వచ్చిన డబ్బది. తెరచాప ఓడల వ్యాపారం తిరిగి రాలేదు. దీన్ని గెలుపు అంటారేమో, నేను సగమే అంటాను.

ఆయన గురించి రాసే చాలామంది దాటేసే విషయం ఒకటుంది. 1906లో న్యూజెర్సీలోని రివర్టన్‌లో, పడవ చూడడానికి వచ్చిన 12 ఏళ్ల అమ్మాయితో అసభ్యంగా ప్రవర్తించాడని అరెస్టు చేశారు. పెద్ద నేరం కింద కేసు నిలవలేదు. చిన్న నేరారోపణకి ఆయన ఎదురు వాదించలేదు. 42 రోజులు జైల్లో ఉన్నాడు. మంచి పడవ కట్టాడు కాబట్టి దీన్ని చిన్న అక్షరాల్లో రాయాలని నాకు అనిపించలేదు.

మార్తాస్ వినియార్డ్ అనే దీవిలో ఒక పొలం కొన్నాడు కానీ నేల మీద నిలవలేదు. హెట్టీ ఇంట్లో, ఆయన ఎక్కువగా పడవలో. చలికాలం వస్తే ఒక్కడే దక్షిణానికి వెళ్లేవాడు. స్ప్రేని కూడా మునుపటంత బాగా చూసుకోలేదని అప్పట్లో చూసినవాళ్లు చెప్పారు. చివరిసారి బయలుదేరింది 1909 నవంబరులో అని చాలాకాలం నమ్మారు, 1908 అనేవాళ్లూ ఉన్నారు. పడవ ముక్క కూడా దొరకలేదు. రాత్రిపూట ఏదో స్టీమర్ గుద్దేసి ఉంటుందని పెద్ద కొడుకు విక్టర్ అనుకున్నాడు. 1924లో కోర్టు ఆయన్ని చనిపోయినట్టుగా ప్రకటించింది, తేదీ 1909 నవంబరు 14 అని రాసింది.